మొదటి నైట్ డ్యూటీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

హౌస్ సర్జన్‌గా నా మొదటి నైట్ డ్యూటీ. రాత్రి రెండున్నరకి వార్డులో ఒక పెద్దాయనకి ఆయాసం ఎక్కువైందని పిలిచారు. పరిగెత్తుకుంటూ వెళ్లాను. వేలి గోళ్లు ఉబ్బి గుండ్రంగా తయారవడాన్ని క్లబ్బింగ్ అంటారు. దానికి కారణాలు అప్పట్లో గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఫైనల్ వైవాలో అవే చెప్పి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ గోడకున్న ఆక్సిజన్ ఫ్లోమీటర్ నాబ్ ఎటు తిప్పాలో, మాస్కు ట్యూబు ఎక్కడ తగిలించాలో నాకు తెలీదు. అన్నేళ్లలో ఎవరూ చూపించలేదు. పరీక్షలో రాదు కాబట్టి నేనూ అడగలేదు. నైట్ డ్యూటీ సిస్టర్ నన్ను మోచేత్తో పక్కకి జరిపి, క్షణంలో మాస్కు పెట్టేసి, "ఇప్పుడు చూడండి డాక్టర్" అంది. తెల్లారేసరికి పెద్దాయన కుదుటపడ్డారు. నాకు మాత్రం ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

తర్వాత నేనే టీచర్‌నయ్యాను. జనరల్ మెడిసిన్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈలోగా వైద్య విద్యను ఆధునికంగా మార్చే కమిటీల్లో మూడుసార్లు కూర్చున్నాను. మూడుసార్లూ టైమ్‌టేబుల్ మారింది, సబ్జెక్టుల పేర్లు మారాయి, కొత్త ప్రొజెక్టర్లు వచ్చాయి. పరీక్ష మాత్రం అలాగే ఉండిపోయింది, పిల్లలు చదివే తీరూ అలాగే ఉండిపోయింది. నాలుగోసారి కమిటీ జోలికి పోలేదు. నా చేతిలో ఉన్న నాలుగు వారాల మెడిసిన్ పోస్టింగ్‌ని, ఇరవై నలుగురి బ్యాచ్‌ని తీసుకుని, చివరి నుంచి మొదటికి మార్చుకుంటూ వచ్చాను. అది ఎలా చేయొచ్చో, నేను ఎక్కడ దెబ్బతిన్నానో ఇక్కడ రాస్తున్నాను. దీనికి మీరు డీన్ కానక్కర్లేదు. ఒక పోస్టింగ్, మీ మాట వినే ఇద్దరు తోటి టీచర్లు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ముందు పనుల జాబితా

సిలబస్ తిరగరాయడానికి కూర్చోకండి. కూర్చుంటే ప్రతి డిపార్ట్‌మెంటూ తన అధ్యాయాలు పోకుండా కాపాడుకుంటుంది, చివరికి పాత సిలబస్‌కి కొత్తది కలిసి ఇంకా లావవుతుంది. దాని బదులు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ విద్యార్థి డాక్టరై మొదటి రాత్రి డ్యూటీకి వచ్చినప్పుడు, పక్కన సీనియర్ లేకపోయినా ఏ పనులు చేయగలగాలి?

ఈ ప్రశ్న ఎవరిని అడుగుతారన్నది ముఖ్యం. నేను మొదట తోటి ప్రొఫెసర్లని అడిగాను. నూటికి పైగా అంశాలు వచ్చాయి. అందులో సగం జబ్బులు నేనే జీవితంలో రెండుసార్లకి మించి చూడలేదు. తర్వాత ఆ ఏడాది హౌస్ సర్జన్లని, నైట్ డ్యూటీ సిస్టర్లని అడిగాను. వాళ్ల జాబితా ఒక కాగితం వెనక వైపు పట్టింది, మొత్తం పదకొండు పనులు. ఆయాసపడుతున్న మనిషిని చూసి ఆక్సిజన్ పెట్టడం. షుగర్ పడిపోయినవాళ్లని గుర్తుపట్టి సరిచేయడం. ఈసీజీలో గుండెపోటు కనిపిస్తే గుర్తించడం. రక్తం ఎక్కించే ముందు పేరు, గ్రూపు సరిచూడటం. ఇంకొకరు చదవగలిగేలా మందుల చీటీ రాయడం. సీనియర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పడం. డ్యూటీ మారేటప్పుడు అప్పగించడం. మరణవార్త చెప్పడం. ఇలాంటివే మరో మూడు. ఒక సిస్టర్ తన మాటగా చివర్లో ఇంకో వాక్యం రాసింది: "ఎప్పుడు పిలవాలో తెలియాలి, పిలవడానికి సిగ్గుపడకూడదు."

ఈ ఆలోచన నా సొంతం కాదు. నెదర్లాండ్స్‌కి చెందిన ఓలె టెన్ కాటే 2005లో దీనికి ఒక రూపం ఇచ్చాడు. 'ఎంట్రస్టబుల్ ప్రొఫెషనల్ యాక్టివిటీ', పొట్టిగా ఈపీఏ అంటారు. నమ్మి అప్పగించగల పని అన్నమాట. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం 2014లో ఇలాంటివి 13 పనులు గుర్తించి, కోర్సు పూర్తిచేసిన ప్రతివాళ్లూ ఆస్పత్రి డ్యూటీకి వచ్చిన మొదటి రోజు నుంచే వాటిని చేయగలగాలంది. ఇందులో నాకు బాగా నచ్చింది మెట్ల లెక్క. ఒక పనిని విద్యార్థి మొదట పక్కన నిలబడి చూస్తాడు, తర్వాత మీరు ఎదురుగా ఉండగా చేస్తాడు, తర్వాత మీరు పిలిస్తే వచ్చేంత దూరంలో ఉండగా చేస్తాడు, ఆ తర్వాత ఒంటరిగా చేస్తాడు, చివరికి ఇంకొకరికి నేర్పుతాడు. "ఈ అమ్మాయికి నూటికి అరవై ఎనిమిది" అన్నప్పుడు నాకేమీ అర్థం కాదు. "ఈ అమ్మాయి రక్తం ఎక్కించడం మొదలుపెడుతుంటే నేను పక్క గదిలో ఉంటే చాలు" అంటే అర్థమవుతుంది.

జాబితా రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "ఆస్తమా గురించి తెలిసి ఉండాలి" అని రాయకండి. తెలిసిందో లేదో కంటికి కనపడదు. "ఆస్తమాతో వచ్చిన రోగి పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నాడో లేదో చూసి, ఇన్‌హేలర్ మందు మొదలుపెట్టి, సీనియర్‌ని పిలవాలో వద్దో తేల్చాలి" అని రాయండి. ఇది కనపడుతుంది. మీ జాబితా పదిహేను దాటిందంటే ఎవరి మొహమాటానికో పోయి ఏదో చేర్చారని అర్థం.

తర్వాత పరీక్ష మార్చండి, పాఠం కాదు

నా మొదటి ప్రయత్నం ఇక్కడే బోల్తా కొట్టింది. జాబితా చేతికి రాగానే ఉత్సాహంగా పాఠాలు మార్చేశాను. చిన్న గ్రూపులు, కేసు చర్చలు, వీడియోలు. మూడో వారానికి సగం మంది రావడం మానేశారు. ఒకబ్బాయి నిజాయితీగా చెప్పాడు: "మేడమ్, మీ క్లాసు బాగుంటుంది. కానీ ఎగ్జామ్‌లో లాంగ్ కేస్ వస్తుంది, దానికి ప్రిపేరవ్వాలి కదా." వాడు చెప్పింది సబబే. విద్యార్థి చదివేది మనం చెప్పింది కాదు, మనం అడగబోయేది. అందుకే పరీక్ష ముందు మారాలి, పోస్టింగ్ మొదటి రోజునే అది ఎలా ఉండబోతోందో వాళ్లకి చూపించాలి.

లాంగ్ కేస్ అనే ఈ పాత పద్ధతి మీకు తెలిసిందే. ఒక రోగి, ఒక గంట, విద్యార్థి ఒక్కడే వెళ్లి చూసి వస్తాడు, తర్వాత ఎగ్జామినర్ ప్రశ్నలు వేస్తాడు. ఇందులో అదృష్టం పాలు చాలా ఎక్కువ. ఒకరికి అన్నీ సవ్యంగా చెప్పే రోగి దొరుకుతాడు, ఇంకొకరికి నోరు విప్పని మనిషి. పైగా రోగి దగ్గర విద్యార్థి ఏం చేశాడో ఎగ్జామినర్ చూడనే చూడడు, తర్వాత చెప్పింది వింటాడంతే. జార్జ్ మిల్లర్ 1990లో ఒక పిరమిడ్ గీశాడు: అడుగున తెలియడం, పైన ఎలా చేయాలో తెలియడం, ఆపైన చేసి చూపించడం, శిఖరాన రోజువారీ పనిలో నిజంగా చేయడం. మన పరీక్షలు ఎక్కువగా కింది రెండు మెట్ల దగ్గరే తిరుగుతుంటాయి.

మూడో మెట్టుకి చేర్చే సాధనం ఓస్కీ, అంటే 'ఆబ్జెక్టివ్ స్ట్రక్చర్డ్ క్లినికల్ ఎగ్జామినేషన్' అనే పరీక్ష. రొనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు స్కాట్లండ్‌లోని డండీలో మొదలుపెట్టి 1975లో ప్రచురించారు. చిన్న చిన్న స్టేషన్లు ఉంటాయి. ఒక్కో దానిలో ఒక్కో పని. గంట కొట్టగానే అందరూ పక్క స్టేషన్‌కి జరుగుతారు. అందరికీ అవే పనులు, అవే నిమిషాలు. ఒకే ఎగ్జామినర్ చేతిలో తలరాత ఉండదు, పదిమంది విడివిడిగా చూస్తారు. దీని బలమంతా అందులోనే ఉంది.

ఎలా కట్టాలో నా అనుభవం చెబుతాను. పది స్టేషన్లు, ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు, మధ్యలో చదువుకోవడానికి, కదలడానికి రెండు. ఒక చుట్టుకి నూరు నిమిషాలు. ఇరవై నలుగురంటే రెండు చుట్లు సరిపోతాయి, కాకపోతే ఒక్కో చుట్టులో రెండు ఖాళీ విశ్రాంతి స్టేషన్లు పెట్టాలి, అప్పుడు నూట ఇరవై నిమిషాలు. ఎగ్జామినర్లు పదిమంది కావాలి. అందరూ ప్రొఫెసర్లే అయ్యుండాలని లేదు. రక్తం సరిచూసే స్టేషన్‌లో నేను సీనియర్ సిస్టర్‌ని కూర్చోబెట్టాను, ఆవిడ కళ్లు నాకన్నా చురుకు.

స్టేషన్ రాయడం అలవాటయ్యేదాకా కష్టంగా ఉంటుంది. ఒకటి రాసి చూపిస్తాను. తలుపు మీద అంటించే కాగితం: "62 ఏళ్ల మనిషి, షుగర్‌కి మందులు వాడుతున్నారు. అరగంట నుంచి తికమకగా మాట్లాడుతున్నారని, చెమటలు పడుతున్నాయని తీసుకొచ్చారు. చూసి, చేయాల్సింది చేయండి." అంతే, ఇంకేమీ రాయకూడదు. లోపల రోగిగా నటించే వ్యక్తి, పక్కన బంధువుగా ఒకరు, బల్ల మీద గ్లూకోమీటర్. విద్యార్థి షుగర్ చూస్తానన్నప్పుడు ఎగ్జామినర్ 48 అని చూపిస్తాడు. డెసిలీటర్‌కి 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే తక్కువే, 54 కంటే తగ్గితే తీవ్రం. రోగి మింగగలుగుతున్నాడా అని విద్యార్థి చూడాలి. మింగగలిగితే త్వరగా ఒంటికి పట్టే చక్కెర 15 నుంచి 20 గ్రాములు, మింగలేకపోతే సిరలో గ్లూకోజ్. పావుగంటకి మళ్లీ షుగర్ చూడాలి. ఇంతవరకూ చాలామంది బాగానే చేస్తారు.

ఆ తర్వాత చేసేదాన్ని బట్టే మంచి విద్యార్థి తెలుస్తాడు. "ఏ మందు వాడుతున్నారు? ఈరోజు తిన్నారా?" అని బంధువుని అడుగుతాడా లేదా? సల్ఫోనైల్‌యూరియా అనే రకం షుగర్ మాత్ర అయితే దాని ప్రభావం గంటలకొద్దీ ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు, కాబట్టి "తగ్గిపోయింది, ఇంటికెళ్లండి" అనకూడదు. మీ మార్కుల్లో పెద్ద వాటా దీనికి ఇవ్వండి. చేతులు కడుక్కున్నందుకు ఒకటి, పేరు అడిగినందుకు ఒకటి అని చెక్‌లిస్టు నింపేస్తే పిల్లలు చెక్‌లిస్టునే బట్టీ పట్టేస్తారు. రెండో ఏడాది నాకు అదే జరిగింది. కళ్లముందు మనిషి తికమకపడుతుంటే, ఒకమ్మాయి రోగి వైపు చూడకుండా గోడవైపు తిరిగి, "మీ బాధ నేను అర్థం చేసుకోగలను" అని అప్పగించేసింది. చెక్‌లిస్టు ప్రకారం సానుభూతికి ఒక మార్కు పడింది! ఆ ఏడాది నుంచి చెక్‌లిస్టు సగానికి తగ్గించి, పక్కన మొత్తం మీద ఎలా చేశారో రాసే గడి పెట్టాను.

ఆ గడి ఇంకో పనికి కూడా వస్తుంది. పాస్ మార్కు ఎంతుండాలి? యాభై అని ఎవరు చెప్పారు? తేలికైన స్టేషన్‌కీ కష్టమైన స్టేషన్‌కీ అదే యాభై ఎలా సరిపోతుంది? చేయాల్సింది ఇది: ప్రతి విద్యార్థికీ చెక్‌లిస్టు మార్కులతో పాటు పాస్, బోర్డర్‌లైన్, ఫెయిల్ అని ఎగ్జామినర్ తన అంచనా వేయాలి. బోర్డర్‌లైన్ వాళ్లకి వచ్చిన మార్కుల సగటే ఆ స్టేషన్ పాస్ మార్కు. బ్యాచ్ చిన్నదైతే బోర్డర్‌లైన్‌లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, ఆ సగటుని నమ్మలేం. అప్పుడు రెండు మూడు బ్యాచ్‌ల లెక్క కలిపి చూడండి.

మార్కుల పట్టిక ఒక్కటే మారిస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1 ఫలితాన్ని 2022 జనవరి నుంచి పాస్, ఫెయిల్ అని మాత్రమే ఇస్తున్నారు. అంకెల పోటీ తగ్గించాలన్నది ఉద్దేశం. ఆ టెన్షన్ చాలావరకూ తర్వాతి పరీక్ష మీదకి జరిగింది.

క్లాసు: తీసేయకండి, తగ్గించండి

లెక్చర్‌ని పూర్తిగా తీసేయాలనేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఎముక మజ్జలో రక్తకణాలు ఎలా తయారవుతాయో బాగా చెప్పే టీచర్ నలభై నిమిషాల్లో చెప్పేది, పిల్లలు సొంతంగా వెతుక్కోవడానికి రెండు రోజులు పడుతుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో సమస్యతో మొదలుపెట్టి నేర్చుకునే పద్ధతిని, అంటే పీబీఎల్‌ని తెచ్చింది. నేనూ చేసి చూశాను. గ్రూపుని నడిపే మనిషి తర్ఫీదు పొందినవాడైతే అద్భుతంగా ఉంటుంది. లేకపోతే ఎనిమిదిమంది కూర్చుని ఒకరి పొరపాటు ఇంకొకరికి అంటించుకుంటారు.

అన్నిటికన్నా తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇచ్చింది చాలా చిన్న మార్పు. ప్రతి క్లాసు మొదట్లో అయిదు ప్రశ్నలు. రెండు క్రితం క్లాసువి, రెండు రెండు వారాల కిందటివి, ఒకటి ఎప్పటిదో. మార్కులు లేవు, పేర్లు రాయక్కర్లేదు, పుస్తకం మూసి రాయాలి. దీని వెనక గట్టి ఆధారం ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకి అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే వాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చదవడం తగ్గించి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. పిల్లలకి ఇది చెప్పినా నమ్మరు, రంగు పెన్నులతో గీతలు గీసుకుంటూ పదిసార్లు చదివితేనే చదివినట్టుంటుంది వాళ్లకి. అందుకని చెప్పకుండా చేయించేయండి.

మంచం పక్కన

నాలుగు వారాల పోస్టింగ్‌లో మీ విద్యార్థి రోగితో మాట్లాడటాన్ని, మొదటి నుంచి చివరిదాకా, మీరు ఎన్నిసార్లు చూశారు? నేను లెక్కపెట్టుకుంటే సున్నా వచ్చింది. కేసు ప్రెజెంట్ చేస్తుంటే విన్నాను, అంతే. వంట చేస్తుండగా ఒక్కసారీ చూడకుండా, వడ్డించింది రుచి చూసి వంట నేర్పానంటే ఎలా?

జాన్ నార్సినీ బృందం 1995లో మినీ-సెక్స్ (మినీ క్లినికల్ ఎవాల్యుయేషన్ ఎక్సర్‌సైజ్‌కి పొట్టి పేరు) అనే పద్ధతి రాసింది. (పేరు వినగానే క్లాసులో నవ్వులు ఖాయం. నవ్వనిచ్చి ముందుకెళ్లండి.) పదిహేను, ఇరవై నిమిషాలు విద్యార్థి నిజమైన రోగితో పని చేస్తుంటే మీరు చూస్తారు, అయ్యాక అయిదు నిమిషాలు మాట్లాడతారు. వినడానికి చాలా తేలిక. నోరు మూసుకుని కూర్చోవడమే నరకం. మొదటి వారం నేను ప్రతిసారీ మధ్యలో దూరి నేనే ప్రశ్నలు అడిగేశాను. చివరికి రోగికి వీపు వెనక, తలవైపు కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. రోగి నావైపు చూడడు, నేను మాట్లాడను. ముందుగా రోగి అనుమతి అడగండి. ఒద్దంటే వదిలేయండి, చికిత్సలో ఏ తేడా రాదని కూడా చెప్పండి.

అయ్యాక పది తప్పులు చెప్పకండి. ఒకటి బాగుంది, ఒకటి మార్చుకోవాలి. "బాగా చేశావు" అనేది ఫీడ్‌బ్యాక్ కాదు. "దగ్గు ఎప్పట్నుంచి అని అడిగి, ఆవిడ జవాబు చెప్పేలోపే జ్వరం ఉందా అన్నావు" అనేది ఫీడ్‌బ్యాక్.

ఈ మధ్యలో అడ్డుపడటం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఇది అందరిలోనూ ఉంది. హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ 1984లో 74 సంప్రదింపుల రికార్డింగులు విన్నారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుతగిలాడు. మొదట చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పుకోగలిగింది 23 శాతం సందర్భాల్లోనే. నేను చేయించే అభ్యాసం ఇది: విద్యార్థి "చెప్పండి, ఏమైంది?" అని అడుగుతాడు, తర్వాత రోగి తనంతట తాను ఆగేదాకా ఒక్క ప్రశ్న కూడా వేయకూడదు. తల ఊపొచ్చు, ఊఁ అనొచ్చు. పక్కవాడు వాచీ చూస్తుంటాడు. రోగి గంట మాట్లాడతాడని భయపడతారు పిల్లలు. మా వార్డులో చాలామంది రెండు నిమిషాల్లో ఆగిపోయారు. ఒక ముసలమ్మ మాత్రం కోడలితో మొదలుపెట్టి పదకొండు నిమిషాలు మాట్లాడింది. చివర్లో, మెట్లెక్కుతుంటే దవడ లాగుతోందని చెప్పింది. అంతకుముందు మూడుసార్లు చూసినా కేస్ షీటులో ఎక్కని మాట అది. ఈసీజీ తీయించాం, గుండె డాక్టర్‌కి చూపించాం.

రౌండ్స్‌లో టైం లేదంటారా? 1992లో నెహర్ బృందం రాసిన 'వన్ మినిట్ ప్రిసెప్టర్' (ఒక్క నిమిషం టీచర్) అనే పద్ధతి వాడండి. విద్యార్థి కేసు చెప్పగానే మీరు జవాబు చెప్పేయకుండా, "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి ఒక మాట మీద నిలబెట్టండి. "ఎందుకనుకున్నావు?" అనండి. ఒక సాధారణ సూత్రం చెప్పండి. ఏది సరిగ్గా చేశాడో చెప్పండి, ఏది తప్పో చెప్పండి. అయిదు అడుగులే. నిజానికి ఒక్క నిమిషంలో అవదు, మూడు పడుతుంది.

బొమ్మలు, గోడలు

ఒక కాలేజీలో ఖరీదైన మానెకిన్, అంటే రోగిలా ఉండే బొమ్మ, కొన్నారు. శ్వాస తీసుకుంటుంది, కనుపాపలు కదులుతాయి. నేను చూసినప్పుడు దాని మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, గది తాళం స్టోర్స్‌లో, స్టోర్స్ ఆయన సెలవులో. సిమ్యులేషన్ (నిజమైన రోగి లేకుండా చేసే అభ్యాసం) అంటే యంత్రం కాదు. నార్వేలో బొమ్మల తయారీదారు ఆస్మండ్ లేర్డాల్ 1960లో తెచ్చిన సీపీఆర్ బొమ్మకి కళ్లు కదలవు, అయినా ఛాతీ నొక్కడం ప్రపంచం దానిమీదే నేర్చుకుంది. 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఇది చేతికి పట్టాలంటే నెలకోసారి పది నిమిషాలు కావాలి, ఏడాదికోసారి వర్క్‌షాపు కాదు. మాట్లాడటం నేర్పడానికైతే యంత్రమే అక్కర్లేదు. న్యూరాలజిస్టు హోవర్డ్ బారోస్ 1963లో మామూలు మనుషులకి తర్ఫీదిచ్చి రోగులుగా నటింపజేశాడు. మా దగ్గర మరణవార్త చెప్పే స్టేషన్‌లో బంధువుగా నటించింది ఆఫీసులో పనిచేసే ఒకావిడ. "ఏదైనా అనండి కానీ 'ఎక్స్‌పైర్ అయ్యారు' అనకండి, నాకు మందు డేట్ అయిపోయినట్టు వినపడుతుంది" అంది. ఆ ఒక్క మాట నా గంట లెక్చర్‌ని మింగేసింది.

మొదటి రెండేళ్లు సైన్సు, తర్వాత ఆస్పత్రి అనే గోడ గురించి. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 మెడికల్ స్కూళ్లు చూసి రాసిన నివేదిక తర్వాత ఈ విభజన బలపడింది. అప్పటికి అది అవసరమే, ల్యాబ్ మొహం చూడకుండా డాక్టర్లవుతున్న రోజులవి. ఇప్పుడు గోడకి కిటికీలు పెట్టండి చాలు. నేను ఫిజియాలజీ టీచర్‌తో కలిసి ఒక వారం 'ఆయాసం' మీద నడిపాను. పొద్దున ఊపిరితిత్తుల్లో గాలి మార్పిడి, మధ్యాహ్నం అదే రకం రోగి. ఇద్దరం ఒకరి క్లాసులో ఒకరం కూర్చున్నాం. ఇరవై ఏళ్ల తర్వాత నాకూ కొన్ని సంగతులు మళ్లీ అర్థమయ్యాయి.

ఫ్లెక్స్‌నర్ కథలో ఇంకో భాగాన్ని కూడా మర్చిపోకండి. ఆ సంస్కరణ తర్వాత అమెరికాలో నల్లజాతి వైద్య విద్యార్థుల కోసం ఉన్న ఏడు స్కూళ్లలో అయిదు మూతబడ్డాయి. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం 2020లో తన అవార్డు నుంచి ఆయన పేరు తీసేసింది. మీరు పెట్టే కొత్త పద్ధతికి ల్యాప్‌టాప్ కావాలా, ఇంగ్లిషు ధారాళంగా రావాలా, సాయంత్రం అదనంగా ఉండాలా? అలా అయితే వెనకబడేది ఎవరో ముందే చూసుకోండి. మా ఓస్కీలో మొదటి ఏడాది భాష తడబడినవాళ్లకి అన్యాయం జరిగింది. ఎగ్జామినర్లకి తెలియకుండానే జరిగింది.

ఏఐ గురించి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. నిషేధించకండి, ఆల్రెడీ వాడుతున్నారు. కేసు చదవగానే తమ సొంత అంచనా మూడు జబ్బులు కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే చాట్‌బాట్‌ని అడగాలి, తేడా ఎక్కడ వచ్చిందో ఎందుకొచ్చిందో రాయాలి. వారానికోసారి నేను ఒక తప్పు దాచిన జవాబు ఇస్తాను, పట్టుకోవాలి. రోగి వివరాలు అందులో ఎక్కించడం ఒక్కటే కచ్చితంగా నిషేధం.

టీచర్లు, అంటే మనం

పైవన్నీ చేశాక కూడా ఒక్క రౌండ్స్‌తో పాడుచేయొచ్చు. 1994లో ఫ్రెడరిక్ హాఫర్టీ, రోనాల్డ్ ఫ్రాంక్స్ దాగిన పాఠ్యక్రమం గురించి రాశారు. బోర్డు మీద రాయకుండానే, మనం నడుచుకునే తీరుని చూసి పిల్లలు నేర్చుకునేది అది. క్లాసులో "సిగ్గుపడకుండా సీనియర్‌ని పిలవండి" అని చెప్పి, రాత్రి ఫోన్ చేస్తే "ఇంత మాత్రానికి లేపుతావా?" అని అరిస్తే వాళ్లు రెండోదే నేర్చుకుంటారు. నేనూ అలా అరిచాను, ఒకసారి కాదు. ఇప్పుడు మా యూనిట్‌లో ఒక నియమం ఉంది. ఫోన్ చేసినవాళ్లు నాలుగు ముక్కల్లో చెప్పాలి: ఇప్పుడు ఏమైంది, వెనక కథేంటి, నేనేమనుకుంటున్నాను, మీ నుంచి ఏం కావాలి. ఎస్‌బార్ అంటారు దీన్ని. ఎత్తినవాళ్లు మొదటి మాటగా "పిలిచావు, మంచిది" అనాలి. మొదట్లో కృత్రిమంగా ఉండేది. ఇప్పుడు నిద్రమత్తులో కూడా అదే వస్తోంది.

వ్యతిరేకత విద్యార్థుల కన్నా తోటివాళ్ల నుంచి ఎక్కువ వస్తుంది. వాళ్లని తప్పుపట్టకండి. ప్రమోషన్‌కి పేపర్లు లెక్కపెడతారు, మంచం పక్కన కూర్చున్న ఇరవై నిమిషాలు ఎవరూ లెక్కపెట్టరు. నేను చేసింది, ఓస్కీలో ఎగ్జామినర్‌గా కూర్చోమని ఒక్కొక్కరినే పిలవడం. తను పదేళ్లుగా చెప్పిన టాపిక్‌లో తన విద్యార్థి ఫ్లోమీటర్ ముందు బిక్కమొహం వేసుకుని నిలబడటం చూశాక, మా డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా గట్టిగా వ్యతిరేకించిన పెద్దాయన మర్నాడు వచ్చి, "ఈ స్టేషన్ నేను నేర్పుతాను" అన్నారు.

మార్పు పనిచేసిందో లేదో "క్లాసు నచ్చిందా?" అనే ఫారాలతో కొలవకండి. ఆర్నెల్ల తర్వాత ఆ బ్యాచ్ హౌస్ సర్జన్లని, వాళ్లతో పనిచేసిన సిస్టర్లని విడివిడిగా కూర్చోబెట్టి, అదే పదకొండు పనుల కాగితం ముందు పెట్టి, ఏది ఒంటరిగా చేస్తున్నారో, దేనికి భయపడుతున్నారో అడగండి. మా దగ్గర మందుల చీటీ, షుగర్ బాగుపడ్డాయి. మరణవార్త చెప్పడం బాగుపడలేదు, దాన్ని మళ్లీ మొదటి నుంచి కడుతున్నాం. డ్యూటీ అప్పగింత కూడా అంతంత మాత్రమే. క్రితంసారి సిస్టర్లు పన్నెండో పని ఒకటి రాశారు: "ఇంటికి పంపేటప్పుడు ఏ మందు ఎందుకో రోగి చేత తిరిగి చెప్పించడం." జాబితాలో చేర్చాను. వచ్చే బ్యాచ్‌కి దాని స్టేషన్ ఇంకా రాయాలి.